కొమురవ్వ దరఖాస్తు

1964 డిసెంబర్ 22, మందమర్రి

మధుసూదన్‌రావు ఉత్తరం వచ్చింది. కరీంనగర్ హైస్కూల్ జట్టు మళ్లీ కలవాలట. వాడి జీపులో జన్నారం దాటిపోయి, అడవిలో పెద్ద చెరువు ఒడ్డున డేరా వేసుకుని రెండు మూడు రోజులు హాయిగా ఉండాలట. నేను వస్తూ వస్తూ బాయిలో బొగ్గు పేల్చే మందు రెండు కట్టలు తేవాలట. చేపల కోసం. గాలమేసుకుని కూసునే ఓపిక ఎవనికుందిరా అని రాశాడు.

సిగ్గులేని మనిషి. నేను బొగ్గుబాయిలో మందు గది గుమస్తాను. పొద్దున బాయిలోకి దిగే మందుకూ, మిగిలి తిరిగొచ్చే మందుకూ నాదే పూచీ. ఏడేళ్లలో ఒక్క కట్ట తప్పిపోలేదు. వకీలు చదువు చదివినవాడు ఇట్లా అడగవచ్చునా? ఇవ్వనని రేపే రాయాలి.

డిసెంబర్ 23

రాయలేదు. చదువుకునే రోజుల్లో మూడేళ్లు వాళ్లింట్లో అన్నం తిన్నాను.

డిసెంబర్ 24, సాయంత్రం

షిఫ్టు దిగాక హనుమండ్లు మందు పెట్టె మోసుకొచ్చాడు. నాలుగు కట్టలు మిగిలినయి సారూ, జర చూస్కో అన్నాడు. రిజిస్టరులో రెండే మిగిలాయని రాశాను. వాడికి చదువు రాదు. వేలిముద్ర వేసి, తల తుడుచుకుని, ఊరికి పోతున్నవా సారూ అని నవ్వి వెళ్లాడు.

రెండు కట్టలు, రెండు డిటొనేటర్లు, మూరెడు వత్తి టిఫిన్ డబ్బా అడుగున పెట్టాను. పైన మా ఆవిడ అనసూర్య కట్టిచ్చిన జొన్నరొట్టెలు. పాపం, తొక్కు కూడా పెట్టింది.

డిసెంబర్ 25

జీపు ఏడింటికి వచ్చింది. మధుకు పొట్ట పెరిగింది, నోరు అంతకన్నా పెరిగింది. ఎదురొచ్చిన ప్రతి ఎడ్లబండి వాణ్నీ తిట్టాడు. పక్కన మా జట్టులో మూడోవాడు కైలాసం. తండ్రి సిరిసిల్లలో మగ్గం గుంటలో కూర్చుని నడుం పోగొట్టుకున్నాడు. వీడిప్పుడు నేతగాళ్లకు నూలిచ్చే సేటు. దారి పొడవునా సాలోళ్లు బద్ధకస్తులు, సాలోళ్లు తాగుబోతులు అని ఒకటే ఏకరువు. గురువింద గింజ సామెత ఊరికే పుట్టలేదు.

చెరువు మాత్రం బాగుంది. అవతలి గట్టు కనబడదు. కొంగలు తప్ప మనిషి అలికిడి లేదు. కాసేపు ముగ్గురం నోరు మూసుకుని కూర్చున్నాం. ఆ పావుగంటే బాగుంది.

తర్వాత సీసా తీశారు. ట్రాన్సిస్టర్ గరగర. లెక్కల సారు రుమాలులో తొండను పెట్టిన కథ మళ్లీ మొదలైంది. పెట్టింది మధు. బెత్తం దెబ్బలు తిన్నది నేను. అది మాత్రం ఇద్దరికీ గుర్తులేదు. గుర్తు చేస్తే, నువ్వా, నిజమా అని పడి పడి నవ్వారు.

డిసెంబర్ 26

ఇవాళ జన్నారం అంగడి. ఊళ్లో జనమంతా అటు పోతారని మధు ముందే కనుక్కున్నాడు. ఇట్లాంటి వాటికి తెలివి బాగా పనిచేస్తుంది.

పదింటికి పేల్చారు. రెండూ పేల్చారు. చెరువు కడుపులో తిప్పినట్టు లేచి, బురద కక్కింది. తర్వాత ఒక్కొక్కటే తేలడం మొదలైంది. తెల్లటి పొట్టలు. వందలు. చాలావరకు వేలెడంత పిల్లలే. కైలాసం మొలలోతు దిగి పెద్దవి పది ఏరుకొచ్చాడు. మిగతావన్నీ అక్కడే. కొన్ని ఇంకా నోళ్లు తెరిచి మూస్తున్నాయి.

వండారు, తిన్నారు, వేళ్లు నాకారు. నేను ఒక్క ముక్క ముట్టలేదు. జొన్నరొట్టె, తొక్కు తిన్నాను. పెద్ద శుద్ధశాకాహారివైనవు అని కైలాసం ఎగతాళి చేశాడు. చేయనీ.

పొద్దు గుంకేసరికి వాసన మొదలైంది. గద్దలు దిగాయి.

డిసెంబర్ 27

పొద్దున్నే బెస్తవాళ్లు వచ్చారు. ఐదారుగురు. అందరికంటే ముందు ఒక ముసలమ్మ, పేరు కొమురవ్వ. నీళ్లలోకి దిగి చచ్చిన పిల్లల్ని ఒడిలోకి ఎత్తుకుంది. ఏడవలేదు. వానలప్పుడు సంఘపోళ్లందరం పైసలేసుకొని చెర్ల చేపపిల్లలు పోసినం, ఎండకాలంల వల వేద్దుమనుకున్నం అని చెప్పింది. జీపు చూసి మమ్మల్ని సర్కారువాళ్లనుకుంది.

నిన్న ఇద్దరు పారిపోతుంటే చూశామని మధు చెప్పాడు. రెప్ప కూడా వేయలేదు. కైలాసం అయ్యో అయ్యో అంటూనే చేప ముళ్ల మీదికి కాలితో ఇసుక తోశాడు.

అప్పుడు కొమురవ్వ కొంగుముడి విప్పి ఒడ్డున దొరికిన మైనం కాగితం ముక్క చూపించింది. మందు కట్టకు చుట్టి ఉండేది. గిది బాయిల మందు కాయితం, నాకెరికే, నా కొడుకు మందమర్రి బాయిలనే మందు పెట్టె మోస్తడు అంది. ఎవడో దొంగ నాకొడుకు మందు అమ్ముకుంటుండు, బాయి దొరకు ఒక దరఖాస్తు రాసియ్యున్రి బాంచెన్ అంది. కొడుకు పేరు అడిగాను. ఎందుకడిగానో. హనుమండ్లు అంది, గర్వంగా.

మధు నాకు కన్ను కొట్టి, చెప్పడం మొదలుపెట్టాడు. మహారాజశ్రీ మేనేజరుగారి దివ్య సముఖమునకు అని. మా ముగ్గురిలో నా రాత గుండ్రంగా ఉంటుంది. నేనే రాశాను. అడుగున వేలిముద్ర వేయించాను. నువ్వేం చేస్తవు సారూ అని అడిగింది. బడిపంతులునన్నాను. చల్లగుండు అంది.

డిసెంబర్ 28, ఇల్లు

మొన్న "పేల్చారు" అని రాశాను. వాళ్లకు చేతకాలేదు. డిటొనేటర్ బిగించింది నేను. వత్తి ముట్టించింది నేను. విసిరింది కూడా నేనే. ఆ తర్వాత చేప తిననందుకు రోజంతా నన్ను నేనే మెచ్చుకున్నాను. థూ.

1965 జనవరి 4

మేనేజరు బెంగాలీ ఆయన. తెలుగు రాదు. ఎవరో ముసలమ్మ టపాలో పంపింది, చదివి చెప్పమని నన్నే పిలిచాడు. నా దస్తూరీని నేనే గట్టిగా చదివాను. ఎక్కడా తడబడలేదు.

ఆ ఊరివాడు మన దగ్గర ఎవడున్నాడని అడిగాడు. ఒక్కడే, హనుమండ్లు. వాణ్ని నిలబెట్టి, బాయిలో మందు పేల్చే షాట్‌ఫైరర్‌ను పిలిచారు. ఇరవై నాలుగో తేదీ నాలుగు కట్టలు మిగిలితే హనుమండ్లు చేతికే ఇచ్చానన్నాడు. రిజిస్టరులో రెండే ఉన్నాయి. కింద హనుమండ్లు వేలిముద్ర. నన్నడిగారు. రెండే వచ్చాయన్నాను.

హనుమండ్లు నా వైపు తిరిగాడు. నాలుగిచ్చిన గద సారూ, జర యాది చేస్కో అన్నాడు. నన్ను దొంగ అనలేదు. మరిచిపోయాననుకున్నాడు. అదే భరించలేకపోయాను.

తేలేదాకా వాణ్ని పనిలోకి రావద్దన్నారు.

జనవరి 8

జరిగింది మధుకు రాస్తే జవాబు వచ్చింది. కూలోనికి ఇంకోతాన పని దొరుకుతది, నీకు దొరుకుతదా అని. చదవగానే ఒళ్లు మండింది. కాగితం చింపేశాను. చింపాక కూడా మండుతూనే ఉంది. నాలుగు రోజులుగా నేను అనుకుంటున్నదీ ఆ మాటే.

జనవరి 9

మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుంటే వాకిట్లో కొమురవ్వ. మందు గది గుమస్తా ఇల్లు ఏదని అడుక్కుంటూ వచ్చిందట. నన్ను చూసి ఆగింది. పంతులువు నువ్వే గద సారూ అంది. చాలాసేపు నా మొహమే చూసింది. ఆమెకు అర్థమైందో లేదో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా తెలియడం లేదు.

తర్వాత తడిగుడ్డ మూట విప్పింది. పెద్ద కొర్రమట్ట. ఇంకా కొట్టుకుంటోంది. మా చెరువుదే, గిదొక్కటే దొరికింది అంది. గప్పుడు మంచిగ రాసినవు, గిప్పుడు నా కొడుకు కోసం గట్లనే ఒకటి రాయి, నీ మాట దొర ఇంటడట అంది.

రాస్తానన్నాను. చేప వద్దనడానికి నోరు రాలేదు. అనసూర్య తొట్టిలో వదిలింది.

జనవరి 10

రాయలేదు. తొట్టిలో చేప బతికే ఉంది. నీళ్లు ముంచుకోవడానికి పోయినప్పుడల్లా పైకి వచ్చి గాలి పీల్చి పోతోంది.

జనవరి 11

హనుమండ్లును తీసేశారు.

అనసూర్య కొర్రమట్ట పులుసు పెట్టింది. చింతపండు సరిగ్గా పడింది. రెండుసార్లు వేయించుకున్నాను.