చుక్క లేని ఫొటోలు

జూన్ 4, మంగళవారం

బుడ్డిదాని ముందు పన్ను ఊడింది. ఏడుస్తుందనుకున్నాను. అద్దం ముందు నిలబడి ఆ సందులోంచి నాలుక బయటపెట్టి, తనను చూసుకుని తనే పడీపడీ నవ్వింది. ఫొటో తీసి అత్తయ్యకు పంపాను. మసగ్గా ఉందే, పెద్దది చేస్తే మొహమంతా గళ్ళుగళ్ళుగా వస్తోంది అన్నారు. డాక్యుమెంట్‌గా పంపితే క్వాలిటీ తగ్గదని ఎక్కడో విన్నాను. అలాగే పంపాను. అబ్బ, ఇప్పుడు నా బంగారుతల్లి చిగురు కూడా కనపడుతోంది అని ఒకటే మురిసిపోయారు.

మొగుణ్ణి వదిలేసి వచ్చినదాన్ని రోజూ అత్తగారితో కబుర్లు చెబుతానంటే ఎవరూ నమ్మరు.

జూన్ 5, బుధవారం

అసలు ఆ ఇంట్లోంచి నన్ను పంపించిందే ఆవిడ. ఆ రోజుకి నా పెదవి వాపు ఇంకా తగ్గలేదు. బుడ్డిదాని చెప్పులు చేత్తో పట్టుకుని, దాన్ని చంకనేసుకుని, బస్సు దాకా వచ్చారు. ఎక్కడికి వెళ్తున్నావో నాకు చెప్పకు, వాడు నిలదీస్తే నా నోట్లో మాట దాగదు అన్నారు. ఇప్పటిదాకా నేను చెప్పలేదు, ఆవిడ అడగలేదు.

ఆయన ఇంకా ఆవిడతో ఆ ఇంట్లోనే ఉంటున్నాడు. ఆయన అని రాశాను చూడు. అతను.

జూన్ 7, శుక్రవారం

మధ్యాహ్నం నేను పనిచేసే కళ్ళద్దాల షాపుకి ఎవరూ రాలేదు. నేను లెన్సులు తుడుస్తుంటే కౌంటర్ అక్క తన టూర్ ఫొటోలు చూపించింది. ఏ ఫొటో ఎక్కడ తీశామో ఫోనే గుర్తుపెట్టుకుంటుందట. ఫొటోను వేలితో పైకి తోస్తే కింద మ్యాప్, దాని మీద ఎర్ర చుక్క. నీ ఫోన్లోనూ ఉంటుంది చూసుకో అంది.

పన్ను ఫొటోను పైకి తోశాను.

మా వీధి. సరిగ్గా మా ఇంటి మీద చుక్క.

మామూలుగా పంపితే ఆ చుక్క పోతుందట. డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్ళిపోతుందట. అక్క ఇంకేదో చెబుతూనే ఉంది, నాకు వినపడటం మానేసింది. అత్తయ్య ఫోన్లోంచి కూడా డిలీట్ చేద్దామని చూస్తే ఆ గడువు దాటిపోయింది.

సాయంత్రం

అత్తయ్య ఫోన్ స్విచాఫ్.

జూన్ 8, శనివారం

స్విచాఫ్.

జూన్ 9, ఆదివారం

ఆవిడ ఫోన్ అతను ఎప్పుడు పడితే అప్పుడు తీసుకుంటాడు. అడగడు కూడా.

మెట్ల మీద చప్పుడైతే చాలు, నా ప్రాణం పైకే పోతోంది. పాలవాడు, పైవాటా వాళ్ళు, కరెంటు రీడింగ్ ఆయన. బ్యాగులో రెండు జతల బట్టలు పెట్టాను. బుడ్డిది గుమ్మంలో నిలబడి చూసింది. ఎక్కడికని అడగలేదు. తన కుందేలు బొమ్మ తెచ్చి, తనే అందులో కుక్కింది.

అప్పుడు ఏడ్చాను. వంటింట్లోకి వెళ్ళి.

జూన్ 10, సోమవారం

షాపు ఓనరమ్మకు అంతా చెప్పేశాను. వింటున్నంతసేపూ ఒకే ఫ్రేమును విప్పుతూ బిగిస్తూ కూర్చుంది. తర్వాత షాపు వెనక గది తాళం ఇచ్చింది. కొన్నాళ్ళు ఇక్కడే ఉండండి, డబ్బాలు పక్కకు జరుపుకోండి, పిల్ల మాత్రం నా ఫ్రేముల మీద ఎక్కి తొక్కకుండా చూడు అంది. కౌంటర్ అక్క దుప్పట్లు తెచ్చింది. మొహం చూస్తే నాకన్నా తనే ఎక్కువ భయపడినట్టుంది.

నాకు అతను వస్తాడన్న భయం కన్నా ఇంకో భయం పెద్దదైంది. అత్తయ్య ఒక్కరే ఉన్నారు అక్కడ.

జూన్ 12, బుధవారం

తెలియని నంబరు. ఎత్తాలా వద్దా అనుకుంటుండగానే బుడ్డిది ఎత్తేసింది. ఎత్తి, నానమ్మా అని అరిచింది.

తమ కింది వాటా టీచరమ్మ ఫోన్ నుంచి చేశారట. నా నంబరు ఆవిడకు నోటికి వచ్చు. నేను అన్నీ ఒకేసారి అడిగాను. ఆగవే తల్లీ, ఊపిరి తీసుకో అన్నారు.

శుక్రవారం పొద్దున బట్టలు ఉతుకుతూ మధ్యలో మనవరాలి పన్ను చూసుకుందామని ఫొటో తెరిచారట. తడి వేలు, ఫొటో పైకి జారింది. కింద మ్యాప్. చూడగానే అదేమిటో అర్థమైందట. ఏం చేశారని అడిగాను. అద్దాలు తీసేశాను అన్నారు. అద్దాలు లేకపోతే నాకు ఎదురుగా ఏనుగు నిలబడినా కనపడదు కదే, ఊరి పేరు చదవకూడదని తీసేశాను అన్నారు. ఎలా తుడిచేయాలో తెలీలేదు. ఏదో నొక్కితే ఇంకెవరికో వెళ్ళిపోతుందేమోనని భయం. అంతలో అతను లోపల్నుంచి, నా ఫోన్లో చార్జింగ్ లేదు, నీది ఇలా ఇవ్వు అని అరుస్తూ వస్తున్నాడు.

సబ్బునీళ్ళ బకెట్లో వేసేశారట. వేసి, అయ్యో జారిపోయింది అని కేకలు కూడా పెట్టారట. నానేసిన దుప్పటి కింద ఫోన్ బుడబుడలాడుతుంటే నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను అన్నారు.

మిమ్మల్ని ఏమైనా చేశాడా అన్నాను. అరిచాడు, అన్నం తినకుండా పోయాడు, ఆకలేస్తే వాడే వస్తాడు అన్నారు. నిజం చెప్పండి అన్నాను. చెయ్యి ఎత్తాడే, ఎత్తి దించేశాడు అన్నారు. నా బాధ నా గురించి కాదే, ఆ ఫొటోలన్నీ పోయాయి, దాని పన్ను ఫొటో కూడా పోయింది అని చిన్నపిల్లలా ఏడ్చారు.

జూన్ 16, ఆదివారం

ఇంటికి వచ్చేశాం. కుందేలు మళ్ళీ మంచం మీదికి ఎక్కింది.

ముందు కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపేశాను. పాత ఫొటోలు మిగిలాయి. ఒక్కొక్కటీ తెరవడం, కింద వివరాల్లోకి వెళ్ళడం, లొకేషన్ తీసేయడం. తీసేయమంటావా అని ఫోన్ ప్రతిసారీ అడుగుతుంది. ఈ ఊళ్ళో మొదటి రోజు బుడ్డిది నా ఒళ్ళో నిద్రపోయిన బస్టాండ్. తీసెయ్. ఉయ్యాల దిగనని మొండికేసిన పార్కు. తీసెయ్. జ్వరమొచ్చినప్పుడు డాక్టర్ దగ్గర, మూతి ముడుచుకుని. తీసెయ్. మేం బతికిన చోట్లన్నీ ఒక్కొక్కటే చెరిపేస్తున్నట్టు కాసేపు బెంగగా అనిపించింది. మళ్ళీ చూస్తే ఫొటోలో బుడ్డిది అలాగే ఉంది, అదే మూతి, అదే మొండితనం.

తర్వాత వెనకాల ఏముందో చూశాను. స్కూలు బ్యాడ్జి ఉన్నది వద్దు. షాపు బోర్డు ఉన్నది కత్తిరించాను. ముందు కౌంటర్ అక్కకు పంపి, వెతకమన్నాను. కళ్ళు కాయలు కాసేలా వెతికి, చుక్క లేదు, ఏమీ లేదు, నీ కూతురొక్కతే ఉంది అంది.

జూన్ 17, సోమవారం

అన్నీ టీచరమ్మ ఫోన్‌కి పంపాను. పన్ను ఫొటో అన్నింటికన్నా ముందు.

జూన్ 23, ఆదివారం

మీ ఊళ్ళో నీళ్ళు మంచివేనా అని అత్తయ్య అడిగారు. మంచివే అన్నాను. ఫొటోల్లో దాని జుట్టు చూసి అనుకున్నాలే అన్నారు.