వంపు దగ్గర, ఆరు మైళ్ళు

బెతెల్, అలాస్కా
జూన్ 4, 1987

ప్రియమైన ఆర్డిస్ అక్కకు,

ప్రియమైన అని అలవాటుకొద్దీ రాశాను. నిన్న నీ మీద కలిగింది ప్రేమ కాదు. మీ ఊరి గులకరాళ్ళ రన్‌వే మీద దిగబోతున్నాను, వెనక ఎనిమిదిమంది ప్రయాణికులు, అందులో ఒక చంటిబిడ్డ. సరిగ్గా నా ముక్కు కిందనుంచి నీ పసుపు విమానం పైకి లేచింది. ఎక్కడున్నానో పది మైళ్ళ అవతలనుంచి రేడియోలో చెబుతూనే వస్తున్నాను. వినడానికి నీకు రేడియో ఉంటేగా. అరవై రెండేళ్ళొచ్చాయి, ఇంకా ఈ మొండితనం ఏమిటి? ఈ టపాతోనే ఒక రేడియో పంపుతున్నాను. బిగించుకోకపోతే లైసెన్సుల ఆఫీసుకు ఫిర్యాదు రాస్తాను. అక్కవని చూడను.

నీ తమ్ముడు,
లైల్


జూన్ 11

ఒరేయ్ లైల్,

నీ ఉత్తరాన్ని నువ్వే టపా సంచీలో మోసుకొచ్చి పడేసి, నా మొహమైనా చూడకుండా ఎగిరిపోయావు. దీన్నీ నువ్వే మోస్తావు. దారిలో విప్పకు.

మన ఏటి మీద విమానాలకు దారి చెప్పే టవర్ లేదు. వాతావరణం బాగుండి కంటిచూపుతో ఎగిరేవాళ్ళు ఇక్కడ ఎవరి అనుమతీ అడగక్కర్లేదు, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు. ఆ మాట నాది కాదు, చట్టానిది. ముప్పై ఎనిమిదేళ్ళుగా దుప్పి మాంసం మోశాను, మందులు మోశాను, పురిటి నొప్పులు పడే ఆడవాళ్ళను మోశాను. ఒక్క రెక్క వంగలేదు. మొన్న నువ్వు ఏటి వంపు తిరగకముందే నిన్ను చూశాను. నాకు కావలసినంత వ్యవధి ఉంది, లేచాను. నువ్వే తల వంచుకుని ముందున్న ముళ్ళూ మీటలతో కబుర్లాడుతున్నావు. ఎగరడం నేర్పిన రోజు నీకేం చెప్పాను? విన్నదాన్ని నమ్మకు, కన్నదాన్ని నమ్ము అన్నాను. గుడ్డొచ్చి పిల్లను వెక్కిరించినట్టుంది నీ వరస.

పొగబెట్టిన సాల్మన్ ఒక కట్ట పంపుతున్నాను. కోపం నీ మీదే గాని మీ ఆవిడ మీదా పిల్లల మీదా కాదు.

ఆర్డిస్


జూన్ 16

అక్కా,

చేపలు బాగున్నాయి. ఫిర్యాదు టైపు చేసి సొరుగులో పెట్టాను. జూలై ఒకటిలోగా రేడియోలో నీ గొంతు వినపడకపోతే అది టపాలో పడుతుంది. దాన్ని కూడా నేనే మోస్తాను, సంతోషంగా.

లైల్


జూలై 19

తమ్ముడూ,

నువ్వు పెట్టిన గడువులోనే రేడియో బిగించాను. కడుపు నిండిందా?

మీ పైలట్లకు పని లేదా? ఒకడు అత్తగారి మోకాళ్ళ నొప్పి చెబుతాడు, ఇంకొకడు ఎలుగుబంటి వల చింపిన కథ పొద్దున్నుంచి మూడుసార్లు చెప్పాడు. ఇంకో సంగతి కూడా గమనించాను. మీ కుర్రాళ్ళ మైళ్ళు పొట్టివి. “రెండు మైళ్ళలో ఉన్నాను, ముందు నేను దిగుతున్నాను” అంటాడు. తల తిప్పి చూస్తే ఏడు మైళ్ళ అవతల చుక్కలా ఉంటాడు. బంతిలో ముందు విస్తరి కోసం తోసుకునే బాపతు. వాళ్ళందరికీ పెద్దవాడివి, కాస్త చెవులు పిండు.

నీ గొంతు వచ్చినప్పుడు మాత్రం శబ్దం పెంచుతాను. అమ్మ పోయాక నీ గొంతు ఇన్నిసార్లు వినలేదు. నువ్వు ఎక్కడున్నానంటే అటే చూస్తాను.

అక్క,
ఆర్డిస్


ఆగస్టు 8

ఆర్డిస్,

రేడియో పెట్టుకుని కూడా నాకు ఎదురొచ్చావు. మన మధ్య ఇరవై అడుగులు కూడా లేవు. నా పక్కన కూర్చున్న టీచరమ్మ ఇక విమానమే ఎక్కనంటోంది. నువ్వు విమానాన్ని కిందికి దూకించి విల్లో పొదల్లో పడ్డావు. కాలు విరిగిందన్నారు, ప్రాణం దక్కిందన్నారు. దక్కినందుకు సంతోషం. అంతకుమించి నీకు చెప్పడానికి నా దగ్గర మంచిమాట లేదు. ఎక్కడున్నానో స్పష్టంగా చెప్పాను, విన్నానని నువ్వు జవాబు కూడా ఇచ్చావు. సొరుగులోని కాగితానికి ఇదీ చేర్చి నిన్న టపాలో వేశాను. నీ లైసెన్సు పోతుంది. పోనీ.

లైల్


ఆసుపత్రి, ఆగస్టు 15

లైల్‌కు,

నీ మాటలే తిరిగి నీకు రాస్తున్నాను, చదువుకో. “తెల్ల కొండచరియ మీదున్నాను, రెండు మైళ్ళు, ముందు నేను దిగుతున్నాను.”

అప్పటికి నేను ఏటి వంపు దాటి కాస్త ఇవతల, రన్‌వే వైపు వస్తున్నాను. ముందున్న కొండచరియ వైపు చూశాను. నువ్వు లేవు. ఎండ కళ్ళలో పడి కనపడలేదనుకున్నాను. తమ్ముడు దిగుతున్నాడు, దారి ఇద్దామని వెనక్కి వంపు మీదికి తిరిగాను. నువ్వు దాటిపోయిన చోటు కదా, ఖాళీగా ఉంటుందనుకున్నాను. నువ్వు అక్కడే ఉన్నావు. వంపునుంచి రన్‌వేకి ఆరు మైళ్ళు. నీ వెనక ఇంకో కంపెనీ విమానం వస్తోంది, దానికంటే ముందు దిగాలని నాలుగు మైళ్ళు మింగేశావు.

ముప్పై ఎనిమిదేళ్ళు అన్నివైపులా చూసి ఎగిరాను. ఆ ఒక్కరోజు నువ్వు చెప్పిన వైపే చూశాను. రేడియో లేని ఆర్డిస్ అయితే నిన్ను చూసి ఉండేది. పొట్టి మైళ్ళు కుర్రాళ్ళవనుకున్నాను గాని, వాళ్ళకు అది నేర్పింది ఎవరని ఆలోచించలేదు.

లైసెన్సు తీసుకుంటే తీసుకోనీ. నువ్వు మాత్రం నా గుమ్మం తొక్కకు.

ఆర్డిస్


ఆగస్టు 30

ప్రియమైన ఆర్డిస్ అక్కకు,

ఈసారి అలవాటుకొద్దీ రాయలేదు.

లైసెన్సుల ఆఫీసులో ముగ్గురి ముందు నిలబడి ఆ నాలుగు మైళ్ళ సంగతి చెప్పాను. మన ఏటి మీద రేడియో మాటలు ఎక్కడా రికార్డు కావు. నేను నోరు విప్పకపోతే నీ మాటొకటి, నా మాటొకటిగా ఉండిపోయేది. నీ మీద ఫిర్యాదు కొట్టేశారు. నా లైసెన్సు ఏడాదిపాటు వాళ్ళ దగ్గరే ఉంటుంది. కంపెనీ కూడా పొమ్మంది. నా మీద నాకొచ్చినంత కోపం నీ మీద ఎన్నడూ రాలేదక్కా.

నువ్వు ఇల్లు చేరావని విన్నాను. నీ విమానం రెక్క బాగుచేయడానికి స్ప్రూస్ కర్ర, రెక్కకు తొడిగే గుడ్డ పడవలో తెచ్చాను. గుమ్మం తొక్కొద్దన్నావు కాబట్టి వంపు దగ్గరే డేరా వేశాను. వలలు చూసుకుని మీ ఊరు వెళ్తున్న ముసలి వాసిలీ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. రమ్మనేదాకా ఇక్కడినుంచి కదలను.

ఆరు మైళ్ళలో ఉన్నాను. నిజంగా ఆరే.

నీ తమ్ముడు,
లైల్


అదే కాగితం వెనక

లైల్‌కు,

నీ మాట నమ్మలేదు. కర్రల మీద కుంటుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళి చూశాను. వంపు మీద పొగ లేస్తోంది.

కోపం తగ్గలేదు. ఎప్పటికి తగ్గుతుందో తెలియదు. రా.

ఆర్డిస్