కుంకుమ పెట్టని కంప్యూటర్

ఆయుధపూజ, మైదుకూరు

అమ్మకు నేనింకా ఆటలాడుకునే పిల్లనే. ఈ రోజు ట్రాక్టరుకు, అన్న బైకుకు, చివరికి మిక్సీకి కూడా కుంకుమ పెట్టి, నా కంప్యూటర్‌ను మాత్రం దాటిపోయింది.

అడిగితే, "ఆడుకునేదానికి యాడన్నా పూజ చేస్తారా పాపా?" అంది.

అన్న అందుకున్నాడు. "అది విమానం తోలుతాండాదిలేమ్మా. చక్రాల కింద నిమ్మకాయ పెట్టు."

అందరూ నవ్వారు, నాన్నతో సహా.

యుద్ధవిమానాలు నడిపే కంప్యూటర్ ఆట, అంటే సిమ్యులేటర్‌లో చేర్చడానికి ఏడాది పాటు ఓ కొత్త విమానం తయారుచేశాను. చక్రాలు లోపలికి ముడుచుకోవడానికే నెల పట్టింది. అది ఎగురుతుంటే వీళ్లెవరూ వచ్చి చూడలేదు. ఆన్‌లైన్‌లో చూసిన ఓ బెంగళూరు కంపెనీ ఉద్యోగం ఇస్తానంది. ఇంట్లో అడిగి చెబుతానని వాళ్లను ఇన్నాళ్లూ ఆపాను.

నాన్న ఏమంటాడోనని అడగనేలేదు.

ఇందాకే ఒప్పుకుంటూ మెయిల్ పంపాను. సోమవారం వెళ్తున్నాను.