జల్లెడలో దొరికిన దూది

బావా,

బాగున్నావా? నువ్వు వెళ్లిపోయి ఏడాది దాటింది. ఈసారి మిరప బాగానే కాసింది, తెగులు కాస్త తక్కువే. పర్చూరులో మన రిపేరు షెడ్డు తెరిచే ఉంచాను. ట్రాక్టర్లు వస్తున్నాయి, పోతున్నాయి. నీ కోసం అడిగినవాళ్లకి నువ్వు లేవని చెప్పడానికి నోరు రాక, మొదట్లో టీ తాగడానికి వెళ్లావని చెప్పేవాణ్ణి... నువ్వయితే ఇంకా పెద్ద అబద్ధం ఆడేవాడివి కదా?

అసలు సంగతికి వస్తాను. నీ నల్ల కారు సంగతి.

పొగాకు షావుకారు గొడౌన్లో దుమ్ము కొట్టుకుపోతున్న దాన్ని తెచ్చి, ఇంజను మొత్తం విప్పి బిగించావు, గుర్తుందా? స్టార్ట్ చేయగానే నూనె ఒత్తిడి చూపే మీటరు ముల్లు చక్కగా లేచింది. కాసేపటికే సున్నా మీదికి పడిపోయింది. గబుక్కున ఆపేశావు. "రేపు చూద్దాంలేరా" అన్నావు. ఆ వారంలోనే నీకు గుండెపోటు వచ్చింది. ఆ రేపు రానే లేదు...

కారు అలాగే ఉండిపోయింది. అక్క దాని వైపు చూడటమే మానేసింది. మొన్న కల్లం నుంచి మిరపకాయలు వచ్చే వేళకి, ఆ బండిని పాత ఇనుముకి ఇచ్చేసి షెడ్డులో చోటు ఖాళీ చెయ్యమంది. గుంటూరు నుంచి ఇనుము మనిషికి కబురు కూడా పెట్టింది. ఇచ్చే ముందు ఒక్కసారి అడుగున ఆయిల్ చాంబర్ విప్పి చూస్తానక్కా అని బతిమాలాను. సరే, వాడు వచ్చేలోగా తేల్చు అంది.

విప్పుతుంటే నీ పాఠాలన్నీ చెవిలో మోగాయి. మరీ పాత కార్లలో డ్రైవరు ముందున్న గాజు బుడ్డిలోంచి నూనె చుక్కచుక్కగా బేరింగులకు దిగేదని చెప్పేవాడివి. "అది కారు కాదురా, ఆసుపత్రి మంచం! సెలైన్ ఎక్కుతోందో లేదో చూసుకుంటూ నడపాలి."

ఆ తర్వాతి ఇంజన్లలో పిస్టన్‌ని క్రాంకు ఇరుసుకి కలిపే కనెక్టింగ్ రాడ్డు అడుగున చిన్న గరిటె ఉండేది. రాడ్డు తిరిగినప్పుడల్లా గరిటె నూనెలో మునిగి లోపలంతా చిమ్మేది. అలాంటిది ఒకటి మన షెడ్డుకి వచ్చినప్పుడు, ఆ గరిటె పట్టుకుని ఎంత మురిసిపోయావో! "పెళ్లి బంతిలో పులుసు వడ్డించడమేరా ఇది. ఆకులోనూ పడుతుంది, పక్కవాడి చొక్కా మీదా పడుతుంది" అన్నావు.

నీ నల్ల కారు వాటి తర్వాతి తరం. గరిటెలు పోయాయి. అడుగున పంపు నూనెని పీల్చి, క్రాంకులో తొలిచిన సన్నటి దారుల గుండా ఒత్తిడితో ప్రతి బేరింగుకీ పంపుతుంది. "ఇదిరా మర్యాదంటే! ఇంటింటికీ కుళాయి" అన్నావు. మరి ఆ కుళాయికి అడ్డం పడింది ఎవరో తెలుసా బావా?

చాంబర్ దించి, పంపు నోటికి ఉన్న జల్లెడ చూశాను. చూసి, అక్కడే కూలబడి నవ్వాను. దూది! నూనెలో నానిన పిడికెడు నల్లటి దూది!

నీ అలవాటే కదా... అమ్మకానికి పనికిరాని మచ్చ పత్తిని గింజ తీసి, బస్తాకెత్తి షెడ్డులో పెట్టుకునేవాడివి. కొబ్బరి ఈనెకి చుట్టి, చెవిలో గుబిలి తీసినట్టు, ప్రతి నూనె దారినీ తుడిచేవాడివి. గుడ్డ వాడమంటే "మన చేలో ఇంత దూది పండుతుంటే పేలికలెందుకురా?" అనేవాడివి. గరిటె ఇంజన్లలో ఆ పీచు అడుగున పడి ఉండేది, అంతే. పంపు ఊరుకుంటుందా? నువ్వు వదిలిన పీచునంతా పీల్చి జల్లెడకి కప్పుకుంది. ఇంజనుకి ఏ రోగమూ లేదు బావా.

దూది ముద్ద తీసుకెళ్లి అక్కకి చూపించాను. ఏడాదిగా నీ గురించి ఆమె నోట మంచి మాట తప్ప రాలేదు. దేవుడిలాంటి మనిషివని అందరికీ చెప్పేది. నీకు లేని గుణాలు కూడా చెప్పేది. వింటుంటే నాకే దిగులేసేది, ఎవరి గురించి మాట్లాడుతోందా అని...

ముద్ద చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఇక అందుకుంది! ఏమయ్యా పెద్ద మేస్త్రీ, చెబితే విన్నావా, నా దిండ్లకి దూది అడిగితే లేదన్నావు, కారుకి కుక్కావా అని నిన్ను ఎడాపెడా తిట్టింది. అచ్చం ఇదివరకటిలాగే, వీధి చివరికి వినబడేలా. తిడుతూ నవ్వింది, నవ్వుతూ ఏడ్చింది, కళ్లు తుడుచుకుని మళ్లీ తిట్టింది. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

జల్లెడ కడిగి, నూనె దారులన్నిటికీ గాలి కొట్టి, కొత్త నూనె పోశాను. కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టగానే ఇంజను అందుకుంది. ముల్లు లేచింది. లేచి నిలబడింది బావా! సాయంత్రం అక్కని ఎక్కించుకుని ప్రత్తిపాడు దాకా వెళ్లొచ్చాను. దారి పొడవునా ఆమె చేలూ చూడలేదు, ఊళ్లూ చూడలేదు. ముల్లు మీద కళ్లు, నోట నీ మీద తిట్లు.

షెడ్డులో కారు ఉండిపోయింది కాబట్టి మిరపకాయల బస్తాలు ఇంటి వరండాలో వేశాం. అందరం తుమ్ముతూనే ఉన్నాం. ఇక మీదట నూనె దారులు గుడ్డతోనే తుడుస్తాను, మాటిస్తున్నాను.

ఇవాళ పొద్దున ఇనుము మనిషి వచ్చాడు. అక్క వాణ్ణి గుమ్మంలోనే ఆపేసింది. బండి అమ్మేది లేదంది. ఎందుకమ్మా అని వాడు అడిగితే, మా ఆయనతో నా పోట్లాట ఇంకా తేలలేదు, తేలాక కబురు చేస్తాను అంది.

ఉంటాను బావా.

నీ బావమరిది,
సుబ్బు