సమాధుల మీది కప్పుల గురించి

సౌత్ కరొలైనా, టోమీ దీవి నివాసి ఐసమ్ మంగిన్ అను నేను, వయసు డెబ్బై తొమ్మిది, నలభై ఏళ్లు మా నల్లవాళ్ల శ్మశానంలో గోతులు తవ్వినవాడిని, మోకాళ్లు పోయినా బుద్ధి నిలకడగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా నా చేత్తో రాసుకున్న వీలునామా ఇది. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే సర్దుకోండి. దీన్ని అమలు జరిపే బాధ్యత నా చెల్లెలి కూతురు వెర్డెల్‌ది.

1. ఇల్లు, రెండెకరాల చెక్క నా తదనంతరం వెర్డెల్‌కు చెందవలెను. అమ్మకూడదు. గోల్ఫ్ మైదానం వాళ్లు అడగవస్తే కుక్కను వదలవలెను.

2. నా పడవ, రొయ్యల వల రూఫస్ చాప్లిన్‌కు. ఇష్టముండి కాదు. వల అల్లడం అతనికి నేర్పింది నేనే, ఇంకెవరికిచ్చినా పాడుచేస్తారు. శనివారాలు చర్చి హాల్లో పిల్లలకు మన పాత సంగతులు చెప్పేది ఇతనే. అందులో సగం ఈ పడవలో నేను చెప్పినవి. జనం ముందు నాకు నోరు పెగలదు. అతనికి మూతపడదు. "మా ఐసమ్ గాడు నోరు తెరిస్తే చేపలు జడుసుకుంటాయిరా!" అంటాడు. అందరూ నవ్వుతారు. ఒకసారి ఒక పిల్ల, "తాతా, కాస్త జరుగు, రూఫస్ తాత కనబడట్లేదు" అంది. జరిగాను. ఆరేళ్లయింది. మర్చిపోలేదు.

3. నా మంచం కింది చెక్కపెట్టె. మాలో పోయినవాళ్లు ఆఖరున తాగిన కప్పో, తిన్న పళ్లెమో పగలగొట్టి సమాధి మీద పెడతాం. చాలా సమాధులకు రాయి లేదు. ఆ కప్పే గుర్తు. దాన్ని ముట్టుకోకూడదు. రెండేళ్ల కిందట ఈస్టర్ ముందు రూఫస్ దగ్గర చేరే ఆ శనివారం పిల్లలు శ్మశానం శుభ్రం చేశారు. అన్నీ నేర్పినవాడు ఈ ఒక్కటి చెప్పడం మరిచాడు. పిల్లలు చెత్త అనుకుని ముప్పై ఏడు ఏరి పెట్టెలో వేశారు. నేను కంచె దగ్గరే ఉన్నాను. "ఆగండి" అంటే చాలు. అనలేదు. పోతే రూఫస్ పరువేగా పోయేది అనుకున్నాను.

సాయంత్రం పెట్టె చూసి రూఫస్ నేల మీద కూలబడ్డాడు. "ఐసమ్, ఏది ఎవరిదో నీకు తెలుసు కదరా? గోతులు తవ్వింది నువ్వే కదరా?" అన్నాడు. గుర్తులేదన్నాను. అబద్ధం. దాస్తానని చెప్పి పెట్టె ఇంటికి తెచ్చుకున్నాను.

4. ఎవరిది ఎక్కడో నోటుపుస్తకంలో రాశాను. "దేవదారు నుంచి పదకొండు అంగలు, నీలం పాలచెంబు, మంత్రసాని బైనా అత్త." ఇలా ముప్పై ఏడు. పెట్టె, పుస్తకం ఆ పిల్లలకే చెందవలెను. వాళ్ల చేతులతోనే తిరిగి పెట్టాలి. ఒక్కొక్కటీ పెడుతూ పేరు పైకి చదవాలి. రూఫస్ చదవకూడదు.

5. నాలుగో అంశం నా చావు కోసం ఆగనక్కర్లేదు. వచ్చే శనివారం ఆ పెట్టెతో నేనే హాలుకు వెళతాను. ఆ కప్పులు ఎందుకు చెదిరాయో కూడా పిల్లలకు తెలియాలి. కంచె దగ్గర నిలబడ్డవాడి సంగతి రూఫస్‌కు తెలియదు. అతను చెప్పలేడు. అది నాది. నేనే చెబుతాను.

1993 అక్టోబరు 14, గురువారం.

(సంతకం) ఐసమ్ మంగిన్

మా ఎదుట సంతకం చేసినందుకు సాక్షులు:
ప్రిన్స్ హేవార్డ్, చర్చి పెద్ద
లుసిల్ బాసెట్, పోస్టాఫీసు