నాన్న కూర్చున్న బల్ల

లాన్స్, ఫ్రాన్స్, జూన్ 4

తమ్ముడూ కజిమిర్, ఇక్కడ అందరం కులాసా. మన ఫుట్‌బాల్ క్లబ్బు పాత గ్యాలరీ పడగొడుతూ, బల్లలు అడిగినవాళ్లకి ఇచ్చేస్తున్నారు. "ఏదో ఒకటి పట్టుకెళ్లమ్మా, అన్నీ గనివాళ్ల బొగ్గుతో నల్లబడ్డవే" అన్నాడు మేస్త్రీ. నాన్న బల్ల ఒక్కటే తెల్లగా ఉంది! గని నుంచి తిన్నగా వచ్చినా, "బల్ల మాస్తే మన పోలండువాళ్లే మాపారంటారు" అని, అమ్మ ఇచ్చిన పూల దిండు వేసుకునే కూర్చునేవాడుగా. "మహారాజు వేంచేశాడ్రా" అని జనం నవ్వితే నీకు తల కొట్టేసినట్టుండేది. ఆ దిండు దాచింది నువ్వేనని నాకు తెలుసు. ఉంటే పంపు. పాపకి పళ్లొచ్చాయా? మరదలికి, పాపకి నా ముద్దులు.

దిండు పోయాక కూడా నాన్న రెండేళ్లు ఆటలకి వెళ్లాడు. అయినా బల్ల నల్లబడలేదంటే, నిలబడే చూశాడురా.

అక్క ఇరేనా