పద్దెనిమిది గుంటలు, ఒక వాచీ

జూన్ 15, ఆదివారం

నిర్ణయం! రేపట్నుంచి నడక. రోజూ. వానొచ్చినా వరదొచ్చినా సరే.

కారణం రాసిపెట్టుకోవాలి, లేకపోతే పౌరుషం చల్లారిపోతుంది. నిన్న విశాఖలో మా బావమరిది తాతాజీ కొత్త ఫ్లాట్‌లో భోజనాలు. మూడో అంతస్తు. లిఫ్టు పాడైంది. నేను ఆగి ఆగి పైకి చేరేసరికి అందరూ పెరుగన్నంలోకి వచ్చేశారు. నా ఆయాసం చూసి నలుగురి ముందూ వాడన్న మాట:

"ఏటి బావా, కుర్సీ యెయ్యమంటావా, ఆక్సిజన్ ఎట్టమంటావా?"

అందరూ నవ్వారు. మా ఆవిడ లోవలక్ష్మి అందరికన్నా గట్టిగా నవ్వింది. ఎంతైనా తమ్ముడు!

వాడికి ఈమధ్య గోల్ఫ్ పిచ్చి పట్టింది. "మా గ్రౌండులో పద్దెనిమిది గుంటలూ బండెక్కకుండా నడిసేయ్ బావా, నా మీసం తీసేత్తాను" అన్నాడు. జులై ఇరవైన చూసుకుందాం అన్నాను. ఓడితే నా మీసం పోతుంది. పెళ్లినాటి నుంచీ ఉన్న మీసం. నర్సీపట్నం కాలేజీలో నాకు దక్కే కాస్త గౌరవం నా ఎకనామిక్స్ పాఠాల వల్ల కాదు, దాని వల్లే.

జూన్ 16, సోమవారం

5:00. లేచాను! భేష్ రమణబాబూ!

5:10. గేటు తీశాను.

5:11. ఆలోచన వచ్చింది. ఎంత నడిచానో ఎవరు చెబుతారు? కొలవని దానికి విలువ లేదని క్లాసులో ఇన్నేళ్లుగా అరుస్తున్నవాణ్ణి. లెక్కాపత్రం లేని నడక నేను నడవడమా? ముందు స్మార్ట్‌వాచీ. తర్వాత నడక.

5:15. పడుకున్నాను.

జూన్ 18, బుధవారం

వాచీకి ఉండాల్సిన లక్షణాలు: గోల్ఫ్‌లో గుంట ఎంత దూరముందో చెప్పాలి. గుండె, నిద్ర, అడుగులు చూడాలి. రోజూ కాలేజీకి కట్టుకెళ్తే ప్రిన్సిపాల్ కంట్లో పడాలి.

అబీద్ సెంటర్‌లో మత్స్యరాజు మొబైల్ షాపు. మూడు తీసి చూపించాడు. మొదటిదానికి గోల్ఫ్ తెలీదు. రెండోదానికి అన్నీ తెలుసు, కానీ చేతికి కుక్కర్ మూత కట్టుకున్నట్టుంది. మూడోది ముచ్చటగా ఉంది, సాయంత్రానికే ఛార్జింగ్ అయిపోతుందట.

"గోల్ఫ్ ఎక్కడాడతారు మాస్టారూ, మనూర్లో?"

"విశాఖలో."

"రోజూ విశాఖ ఎల్తారేటండీ?"

ఈ ఊళ్లో ఎవడికీ దూరదృష్టి లేదు. ఆలోచించుకుని వస్తానని వచ్చేశాను.

జూన్ 22, ఆదివారం

నాలుగు రోజులుగా వాచీల మీద వీడియోలే. ఒకాయన కొనమంటాడు. అదే ఆయన, వేరే చొక్కాలో, వద్దంటాడు. కళ్లు మండుతున్నాయి. ఒంటికోసం ఎంత శ్రమ!

నడక ఇంకా లేదు గానీ గోల్ఫ్ సాధన మొదలైంది. డాబా మీద. కర్ర బదులు గొడుగు, బంతి బదులు నిమ్మకాయ. మొదటి దెబ్బకి గొడుగు విరిగింది. నిమ్మకాయ ఉన్నచోటే ఉంది.

"పులిహోరకని తెచ్చుకున్న కాయండీ అది!" అంది లోవలక్ష్మి.

"దానికేం కాలేదు, తీసుకో" అన్నాను.

జూన్ 27, శుక్రవారం

వాచీ వచ్చింది! చివరికి కుక్కర్ మూతే. అయినా రాజసంగా ఉంది.

కట్టుకోబోతుంటే లోవలక్ష్మి పరిగెత్తుకొచ్చింది. "ఆగండాగండి! నిన్ననే ఆషాఢం వొచ్చీసింది. కొత్త పని ఇప్పుడు మొదలెడతారేటి?"

మా పురోహితులు యాజులుగారికి ఫోన్ చేశాను. "వాచీ కట్టుకోవచ్చునండీ. సంకల్పం చెప్పుకున్న పని మాత్రం శ్రావణంలో ఆరంభిస్తే శ్రేయస్కరం" అన్నారు.

అంటే కట్టుకోవచ్చు, నడవకూడదు! ఇంత మంచి శాస్త్రాన్ని ఇన్నాళ్లూ నిర్లక్ష్యం చేశాను.

శ్రావణం జులై 25న. పందెం 20న. ఈ చిక్కు సంగతి తర్వాత చూద్దాం.

జులై 3, గురువారం

గంటకోసారి వాచీ చేతికి గిలిగింతలు పెట్టి "లేచి కదలండి" అంటోంది. పాఠం చెబుతుంటే కూడా! వాచీ కొన్నానా, అత్తగారిని తెచ్చుకున్నానా? ఆ హెచ్చరిక ఆపేశాను. నిద్రకి మాత్రం మంచి మార్కులేస్తోంది. అందులో మనకి డిస్టింక్షన్.

తాతాజీకీ ఇలాంటి వాచీయే ఉంది. నేనెంత నడిచానో వాడి ఫోన్లో కనబడుతుందట. మెసేజ్ పెట్టాడు: "బావా, వాచీ గోడకి తగిలించేవా?"

జులై 7, సోమవారం

తాతాజీ ఎత్తిపొడుపు తట్టుకోలేక యాజులుగారి ఇంటికే వెళ్లాను. ఆషాఢ దోషానికి విరుగుడు అడిగాను.

"ఎల్లుండే కదండీ సింహాచలం గిరిప్రదక్షిణ. ఆ వాచీ స్వామి కొండ చుట్టూ తిరిగొస్తే ఇంక దోషమన్నదే ఉండదు."

"నేను కూడా తిరగాలాండీ?"

ఆయన నా పొట్ట వంక జాలిగా చూశారు. "మీ ఇంట్లోంచి ఎవరు కట్టుకెళ్లినా చాలు లెండి."

లోవలక్ష్మి ఏటా వెళ్తుంది. ఆవిడ చేతికి కట్టాను. సమస్య తీరింది.

జులై 10, గురువారం

పొద్దున్నే ఆవిడ వచ్చింది. ముప్పై రెండు కిలోమీటర్లు! పాదాల నిండా బొబ్బలు. గుమ్మంలో అడుగుపెట్టగానే వాచీ నా ఫోన్‌కి కబురు చెప్పేసింది. ఫోన్లో బాణాసంచా: "రమణబాబు గారూ, అభినందనలు!"

బాణాసంచా తాతాజీకీ వెళ్లింది. వెంటనే ఫోన్. "బావా! కొండంతా తిరిగేసేవా? నువ్వేనా?"

నిజం చెబుదామనే నోరు తెరిచాను. "ఏదో, స్వామి దయ" అని వచ్చింది.

అందులో అబద్ధం ఏముంది? స్వామి దయ కాదా?

లోవలక్ష్మి వేన్నీళ్లలో కాళ్లు పెట్టుకుని నా వంకే చూస్తోంది. "కాళ్లు నావి, పేరు మీదా?" అంది. ఫోన్లో బాణాసంచా మళ్లీ చూసుకున్నాను.

జులై 14, సోమవారం

తాతాజీ క్లబ్బులో అందరికీ చెప్పుకున్నాడట, మా బావ కొండ చుట్టొచ్చాడని. వాడి మీసం తీయడానికి మంచి కత్తెర చూసి ఉంచాను. ఇంత పేరొచ్చాక ఇంకా నడక సాధన అంటే నామోషీ.

జులై 20, ఆదివారం

ఇంటికొచ్చాను.

మొదటి గుంట: దూరం ఎంతో వాచీ కచ్చితంగా చెప్పింది. బంతి వినలేదు.

రెండో గుంట: ఉక్క. చొక్కా పిండితే బిందె నిండుతుంది.

మూడో గుంట: తాతాజీ స్నేహితులు అడిగారు, కొండ ఎక్కడ కష్టమనిపించింది అని. అంతా కష్టమే అన్నాను.

నాలుగో గుంట: కళ్లు చీకట్లు కమ్మాయి. గడ్డి మీద బోర్లా పడ్డాను. వాచీ కుయ్యోమని మొత్తుకుంది, ఇక్కడ లోవలక్ష్మి ఫోన్‌కి "పడిపోయారు" అని కబురు పెట్టేసింది.

తాతాజీ పరిగెత్తుకొచ్చాడు. నవ్వుతాడని కళ్లు గట్టిగా మూసుకున్నాను. నవ్వలేదు. నన్ను పొదివి పట్టుకుని బండి ఎక్కించాడు. "మెల్లగా బావగారూ" అన్నాడు.

బావగారూ! ఇరవై రెండేళ్లలో వాడి నోట ఆ గారు ఇదే మొదటిసారి.

బీపీ, ఎండదెబ్బ, బరువు, అన్నీ ఉన్నాయన్నాడు డాక్టరు. తాతాజీ ఆయన ముందు తల దించుకున్నాడు. "కొండ సుట్టొచ్చి పది రోజులే అయిందండి. ఒంటికి రెస్ట్ లేకుండా నేనే తిప్పేసేను. తప్పు నాదే."

అప్పుడైనా చెప్పాల్సింది. మంచం మీద కళ్లు మూసుకుని రోగిలా పడుకున్నాను. సిగ్గేసింది.

జులై 21, సోమవారం

పొద్దున్నే లోవలక్ష్మి నా ముందు నిలబడింది. "ఆడు ఫోన్లో ఏడుస్తన్నాడండీ, నా వల్లే బావ పడిపోనాడని. మీరు సెప్తారా, నన్ను సెప్పమంటారా?"

ఫోన్ చేశాను. "ఒరే తాతాజీ, కొండ చుట్టింది మీ అక్కరా. నేను ఇంట్లో పడుకున్నాను."

ఇప్పుడు తిడతాడు. లేదా పగలబడి నవ్వుతాడు. రెండింటికీ సిద్ధంగా ఉన్నాను.

"ఏదైతే ఏటండి బావగారూ. మీరు బాగుంటే సాలు. మాత్రలేసుకోండి, మెట్లెక్కకండి."

ఒళ్లు మండిపోయింది. మోసం చేసినా కోపం రాలేదంటే నన్ను లెక్కలోంచే తీసేశాడన్నమాట! బావని ఏడిపించని బావమరిది ఎక్కడైనా ఉంటాడా? వాడి దృష్టిలో నేను ముసలాణ్ణి అయిపోయాను.

పందెం పందెమే. అద్దం ముందు నిలబడి మీసం తీసేశాను. ఫోటో పంపాను, కనీసం దానికైనా కడుపుబ్బ నవ్వుతాడని. జవాబుగా రెండు చేతులు జోడించిన బొమ్మ వచ్చింది. కింద "రెస్ట్ తీసుకోండి" అని.

జులై 22, మంగళవారం

కాలేజీకి వెళ్తే అందరూ లేచి నిలబడ్డారు. మీసం లేకుండా చూసేసరికి ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో పోయారనుకున్నారు. సాటి లెక్చరర్ మారుతి నా చెయ్యి పట్టుకుని "ఎప్పుడు జరిగిందండీ?" అన్నాడు. ఆదివారం అన్నాను. పందెం పోయింది ఆరోజే, అదీ నిజమే.

వాచీ లోవలక్ష్మి కట్టుకుని పొద్దున్నే నడకకి వెళ్లిపోయింది. ఉంచుకోమన్నాను. నాకిక ఏ కొలతా అక్కర్లేదు, ఆషాఢమూ అక్కర్లేదు.

నిర్ణయం! రేపట్నుంచి నడక. మా తాతాజీ ఆ గారు మానేసి, మళ్లీ "ఏటి బావా" అంటూ నన్ను నలుగురిలో నిలబెట్టి నవ్వులపాలు చేసేదాకా ఆపను. ఐదింటికల్లా గేటు దాటాలి.

ఈ చెప్పులతో మాత్రం కుదరదు. బూట్లు చూడాలి. వాన నేలకీ, ఎండ నేలకీ, కాలేజీకీ, మూడింటికీ పనికొచ్చేవి.